గీత పెట్టిన పెంకులు

ఇది ఎవరికీ చెప్పకుండానే పోతానేమోనని ఈమధ్య భయం పట్టుకుంది. అంత పెద్ద నేరమా అంటే, ఏ పోలీసూ కేసు రాసుకునేది కాదు. ఒక రంపం బ్లేడు, కొన్ని పెంకులు, రెండు అబద్ధాలు. అంతే. కానీ తెలంగాణ ఉద్యమం రోజుల నుంచి ఇప్పటిదాకా దాన్ని మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు ఎందుకు దాచుకుంటాను?

నేను భూపాలపల్లిలో పిల్లలకు కరాటే నేర్పుతాను. వాళ్లు నన్ను మాస్టర్ అంటారు. ఆ మాట వినగానే నాకు తల వంగిపోతుంది. మాస్టర్ అనిపించుకోవలసిన మనిషి వేరే ఉన్నాడు. పేర్లు మారుస్తున్నాను, ఆయన్ను ఖాజా సార్ అనుకోండి.

ఖాజా సార్ జనగామ మనిషి. బొగ్గు బాయిలో ఫిట్టరు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. డ్యూటీ లేనప్పుడు పొద్దున్నే కార్మికుల క్వార్టర్ల వెనక మొరం నేల మీద మాకు నేర్పేవాడు. ఫీజు అడిగిన గుర్తు లేదు. ఆయన పద్ధతి ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. మొదటి ఏడాదంతా నిలబడటమే. మోకాళ్లు వంచి, గుర్రం మీద కూర్చున్నట్టు, తొడలు వణికేదాకా నిలబడాలి. తర్వాతి ఏడాది గాలిలో గుద్దులు. ఆ తర్వాత, నేలలో పాతిన చెక్కకు సుతిలి తాడు చుట్టి దాన్ని గుద్దమనేవాడు. కణుపులు గట్టిపడ్డాయో లేదో తానే తడిమి చూసేవాడు. ఆయన సరే అన్నాకే ఇంటికప్పు పెంకు పగలగొట్టడం. బెల్టు ఎప్పుడిస్తారని అడిగితే ఒళ్లు మండిపోయేది ఆయనకు. "బెల్టు లాగు జారకుండ కట్టుకునేటిది రా, గంతే" అనేవాడు.

పెంకు దగ్గర ఆయనకొక నియమం ఉండేది. కొట్టేవాడే తన పెంకును ఏరుకుని తెచ్చుకోవాలి. బట్టీ దాకా నడిచి వెళ్లి, ఒక్కోదాన్నీ వేలితో తట్టి, ఖంగుమంటుందో బోలుగా పలుకుతుందో విని, నచ్చినదాన్ని తానే మోసుకు రావాలి. ఇంకొకరు తెచ్చిన పెంకు మీద చెయ్యి పడనిచ్చేవాడు కాదు. పగలకపోతే ఆ తప్పు ఏరుకున్నవాడిదే, ఇంకెవరినీ అనడానికి లేదు. మేమంతా అది చాదస్తం అనుకునేవాళ్లం. నేనైతే పైకే అనేవాణ్ని, ఆయన లేనప్పుడు.

మా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. సరిత అనుకోండి. బాయి కార్మికుడి కూతురు, హైస్కూల్లో చదువుతుండేది. ఖాజా సార్ ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. అలాంటిది సరిత నిలబడితే మాత్రం ఆగి చూసేవాడు. మా క్లాసులో బ్లాక్ బెల్టు కట్టబోయే మొదటి ఆడపిల్ల ఆమేనని అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. పెద్దయ్యాక తానే కరాటే నేర్పుతానని, పోలీసు ఉద్యోగం కూడా కొడతానని చెప్పేది. అప్పటికి ఇంకా తాడు చుట్టిన చెక్క దగ్గరే ఉంది. పెంకు దాకా రాలేదు.

అప్పుడే తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బాయిలు బంద్, బడులు బంద్, బస్సులు బంద్. మెయిన్ రోడ్డు మీద దీక్షా శిబిరం వేశారు. రోజుకో సంఘం వాళ్లు వచ్చి తమ పని అక్కడే రోడ్డు మీద చేసి చూపించేవాళ్లు. ఒకరోజు క్షవరాలు, ఒకరోజు కుండలు చేయడం, ఒకరోజు వంటావార్పు. మా కరాటే వాళ్ల వంతు కూడా వచ్చింది. ఖాజా సార్ ఒప్పుకున్నాడు కానీ కటాలు, అంటే గాలిలో వరుసగా చేసే కదలికలు, చేసి జై తెలంగాణ అని వచ్చేయమన్నాడు. పెంకుల తమాషా వద్దన్నాడు. అంతలో మేనకోడలి పెళ్లికని జనగామ వెళ్లి, బస్సులు లేక అక్కడే చిక్కుకుపోయాడు. అందరిలో సీనియర్‌ని కాబట్టి క్లాసు నా చేతికి వచ్చింది.

నేనప్పుడు బాయిలో కాంట్రాక్టు కూలీని. ఇంట్లో నాకు విలువ లేదు, బయట పేరు లేదు. శిబిరం వాళ్లు అడగ్గానే, ఆడపిల్లతో పెంకులు పగలగొట్టిస్తానని నోరు జారాను. జారానా? అది కూడా అబద్ధమే. కావాలనే అన్నాను. సినిమాల్లో మన మాట మాట్లాడేవాణ్ని రౌడీనో జోకరునో చేసి ఎన్నేళ్లు నవ్వారు, ఇప్పుడు మన ఆడపిల్ల ఒక్క గుద్దుకు పెంకులు పగలగొడితే చూడనీ అనుకున్నాను. ఆ కోపం నిజమే. కానీ దాని వెనక మైకు పట్టుకుని నిలబడాలన్న నా యావ దాక్కుని ఉందని నాకు అప్పుడే తెలుసు.

సరిత చెయ్యి ఇంకా తయారు కాలేదని కూడా తెలుసు. అందుకే ఒక మధ్యాహ్నం మా పెరట్లో కూర్చుని పెంకులన్నీ బోర్లించి, అడుగున నడిమధ్యలో రంపం బ్లేడుతో గీత కోశాను. గీత కనబడకుండా ఎర్రమట్టి తడిపి పూసి ఎండబెట్టాను. సరిత వచ్చి బట్టీ దగ్గరికి పోయి తన పెంకులు తానే ఏరుకుంటానంది. టైము లేదన్నాను. ఆ పిల్ల నా మాట కాదనలేదు. సార్ లేనప్పుడు సీనియర్ చెప్పిందే వేదం, మా దగ్గర అలా నేర్చుకున్నాం.

ఆ రోజు భూపాలపల్లి నడిరోడ్డు మీద సరిత గుద్దితే పెంకులు అప్పడాల్లా విరిగాయి. జనం ఈలలు, చప్పట్లు, డప్పులు. ముసలమ్మలు వచ్చి మెటికలు విరిచారు. నా మెడలోనూ ఎవరో దండ వేశారు. సరిత తన పిడికిలిని తానే తిప్పి తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది. ఆ పిల్ల మొహంలో అంత సంతోషం చూసి నాకు సిగ్గు వేయాలి కదా? వేయలేదు. గర్వం వేసింది. ఏం మనిషిని నేను!

మహబూబాబాద్ శిబిరం వాళ్లు మమ్మల్ని పిలిచారు. మళ్లీ గీతలు కోసి, పెంకులు గోనెసంచిలో సర్ది, ట్రాలీ ఆటోలో బయలుదేరాం. దారి పొడవునా రాస్తారోకోలు. పక్క దారులు పట్టి, గుంతల్లో ఎగిరెగిరి పడుతూ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. శిబిరం వెనక సంచి విప్పి చూశాను. నేను గీసిన గీతల దగ్గరే పెంకులన్నీ రెండుగా విరిగి ఉన్నాయి. ఒక్కటి మిగల్లేదు.

అప్పటికే సరిత వేదిక మీద ఉంది, మైకులో ఆమె పేరు చెబుతున్నారు. పెంకులు దారిలో పగిలాయంటే, అక్కడి కార్యకర్త ఒకాయన "గదెంత పనన్నా, మా ఇంటి ఎన్క కొత్తయి ఉన్నయ్" అని పరుగెత్తి వెళ్లి తెచ్చాడు. మందంగా, బరువుగా, బాగా కాలిన పెంకులు. వాటిని నేనే వేదిక మీద పేర్చాను. ఇవి పగలవు. ఈ పిల్ల చేతికి పగలవు. ఆపాలి. ఏమని ఆపాలి? ఆపితే మొన్నటివి ఎలా పగిలాయని అడగరూ? సరిత దగ్గరికి వచ్చి, మైకుకు వినబడకుండా అడిగింది.

"అన్నా, ఇవి గూడ గవ్వేనా? రంగు జర వేరే కొడుతున్నది."

"గవ్వే చెల్లె."

"ఒక్కపారి చేతిల వట్టి సూస్త."

"ఇప్పుడేం సూస్తవ్? అందరు మనల్నే సూస్తున్నరు. నా మీద నమ్మకం లేదా?"

"అయ్యో, గట్లెందుకంటవన్నా. నువ్వున్నవంటే నాకేం భయం లేదు."

"మరింక కొట్టు."

కొట్టింది. జనం అలవాటు కొద్దీ ముందే చప్పట్లు కొట్టేశారు. పెంకు పగల్లేదు. పైదాని మీద చిన్న నెర్రె కూడా పడలేదు. సరిత ఏడవలేదు. చెయ్యి రొమ్ముకు అదుముకుని నా వైపు చూసింది. చూపుడు వేలి కణుపు, మధ్య వేలి కణుపు లోపలికి కుంగిపోయి ఉన్నాయి.

దవాఖానలో కట్టు కట్టారు. ఎముకలు నలిగాయని, అవి అతికినా పిడికిలి ముందులా బిగియదని డాక్టరు చెప్పాడు. ఖాజా సార్ జనగామ నుంచి ఎవరిదో మోటార్ సైకిల్ అడుక్కుని వచ్చాడు. నన్ను తిట్టలేదు. నాకు ఒక్క ప్రశ్న వేశాడు, పెంకులు ఎవరు ఏరారని. సరిత ఆ మంచం మీదే ఉంది, కళ్లు తెరిచే ఉంది. ఆమే ఏరుకుందని చెప్పాను.

నా నోటి నుంచి అది ఎలా వచ్చింది? ఆలోచించే వ్యవధి కూడా తీసుకోలేదు నేను. ఆయన నియమం ప్రకారం ఆ ఒక్క మాటతో తప్పంతా ఆ పిల్లది అయిపోయింది. సరిత నా వైపు ఒకసారి చూసి గోడ వైపు తిరిగింది. కాదని అనలేదు. సీనియర్ మాటకు ఎదురు చెప్పకూడదని నేర్పింది మేమే కదా. సార్ ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, తొందరపడ్డావు బిడ్డా అన్నాడు.

ఆ తర్వాత సరిత తల్లిదండ్రులు క్వార్టర్ల దగ్గర అందరిముందు సార్‌ను పట్టుకుని నిలదీశారు. ఆయన సరితను అనలేదు, నన్నూ అనలేదు. నా క్లాసు, నా తప్పు అన్నాడు. తాడు చుట్టిన చెక్కను తానే పీకేసి క్లాసు మూసేశాడు. రిటైరయ్యాక జనగామ వెళ్లిపోయి మళ్లీ ఎవరికీ ఒక్క గుద్దు నేర్పలేదు. నేను దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాను. ఆయన పోయినప్పుడు జనగామ వెళ్లాను. అందరితో పాటు నేనూ పిడికెడు మట్టి వేశాను. చెప్పడానికి ఇక మనిషి లేడని తెలిసి, అక్కడే, ఆ మట్టి దగ్గరే, ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం దిగదు.

రాష్ట్రం వచ్చింది. నేను క్లాసు మొదలుపెట్టాను. ఇప్పుడు నా దగ్గర ఏడాది పొడవునా నిలబడే పిల్లలు లేరు. నిలబెడితే తల్లిదండ్రులు ఊరుకోరు, పక్క వీధి క్లాసుకు మార్చేస్తారు. కొన్ని నెలలకో బెల్టు ఇవ్వాలి, ఫోటో తీయాలి. ప్రదర్శనల కోసమని చెయ్యి తగలగానే విరిగే పెంకులు దుకాణంలోనే అమ్ముతున్నారు. ఆ రోజు నేను దొంగతనంగా పెరట్లో చేసిన పని ఇప్పుడు బిల్లుతో సహా దొరుకుతుంది. కాలం మారిందని నేనూ అందరితో అంటాను. కాలం మారిందా, నాలాంటివాళ్లం మార్చామా? పాత పద్ధతి కఠినమే, అందులో దెబ్బలూ ఉండేవి, అదంతా మంచిదని అనను. కానీ ఖాజా సార్ దగ్గర ఏ పిల్లా తన చెయ్యి గురించి అబద్ధం నమ్మలేదు.

మొన్న సరిత నా క్లాసుకు వచ్చింది. మొగుళ్లపల్లిలో అంగన్‌వాడీ టీచరుగా చేస్తోందట, ఈమధ్యే ఇల్లు భూపాలపల్లికి మార్చారట. కూతుర్ని చేర్పించడానికి వచ్చింది. నన్ను చూసి నిండుగా నవ్వింది. బాగున్నావా అన్నా అని అడిగింది. మంచినీళ్ల గ్లాసు అందిస్తే ఎడమ చేత్తో తీసుకుంది. కుడి చేతి రెండు వేళ్లు ఇప్పటికీ ముడవవు. కూతురు వరుసలో నిలబడటానికి జంకుతుంటే, సరిత వంగి దాని చెవిలో చెప్పింది. నాకు వినబడింది.

"భయపడొద్దు బిడ్డా. అమ్మ గప్పుడు భయపడ్డది, చెయ్యి ఎన్కకు గుంజుకున్నది. గందుకే గిట్లయింది. మాస్టర్ మంచోడు, ఆయన చెప్పినట్టు చెయ్యి."

దవాఖాన మంచం మీద నేనాడిన అబద్ధాన్ని ఆమె ఎప్పుడో మరిచిపోయిందో, నన్ను క్షమించేసిందో నాకు తెలియదు. కానీ మొదటి రోజు పెంకులకు గీత ఉందని ఆమెకు తెలియదు. ఒకసారి పగలగొట్టిన చెయ్యి రెండోసారి ఎందుకు పగలగొట్టలేకపోయిందా అని ఇన్నేళ్లు తనలో తాను వెతుక్కుని, తానే పిరికిదాన్నని తేల్చుకుంది.   పిల్లను రెండో వరుసలో నిలబెట్టి, మోకాళ్లు వంచమని చెప్పాను.

రేపు చెబుతానా? చెప్పలేననే నాకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. క్షమించమని అడగను, మీరు క్షమించడానికి అది మీ చెయ్యి కాదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ సంగతి ఉన్నది ఉన్నట్టుగా నాలోంచి బయటకు వచ్చింది. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అంతవరకే.

సరిత భయపడలేదు. నేను అడుగు దూరంలో నిలబడి చూశాను. భయపడి ఉంటే చెయ్యి వెనక్కి లాక్కునేది, వాపుతో పోయేది. నా మాట నమ్మి నిండుగా కొట్టింది. అందుకే విరిగింది.