రెండో చెయ్యి

అది కలరా ఏడాది. తిరుపతిలో సూది వేయించుకోనిదే కొండ బస్సు ఎక్కనిచ్చేవాళ్ళు కారు. నా ముందున్న ముసలావిడ కుడిచేతికి సూది వేయించుకుని, ఎడమ చెయ్యి కూడా చాచింది.

“ఇది మా మనవడికప్పా. రోగముండేది ఐరాల పక్క మా పల్లెలో. సూదోళ్ళు ఆడికి రాలేదు.”

“కొండకు పోయేవాళ్ళకే అవ్వా, రూలు,” అన్నాడు కాంపౌండరు.

“వాని మొక్కుకు నేను గుండు కొట్టించుకుంటే సెల్లుతుందే. సూదికి నా సెయ్యి సెల్లదా?”

అతను తల తిప్పుకుని నన్ను పిలిచాడు.

మండుటెండలో బస్సు ఘాట్ రోడ్డెక్కింది. పక్క సీట్లోంచి ఆమె ఉన్నట్టుండి, “ఈ సెయ్యి సల్లబడిందప్పా, సూడు,” అంది.

పట్టుకుని చూశాను. సూది పడిన చెయ్యి వెచ్చగా ఉంది. మనవడికని చాచిన ఎడమది ఆమెది కానట్టు చల్లగా ఉంది.

ఇప్పటికీ ఎప్పుడు సూది వేయించుకున్నా, రెండో చెయ్యి వెచ్చగా ఉందో లేదో పట్టుకుని చూసుకుంటాను.