జంట పేరు పిలిపించిన విఠల్ సార్

"సంగీతా, నీ జంట పోయిండే."

ఫోను చేసింది నాతో డిగ్రీ చదివిన భవాని. మా వృక్షశాస్త్ర అధ్యాపకులు విఠల్ సార్ గుండెపోటుతో దవాఖానకు వెళ్లే దారిలోనే కన్నుమూశారన్న దుర్వార్త నాకు అలా చేరింది. నిజం చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. పిల్లల తల్లినయ్యాక, ఎప్పుడో పాఠం చెప్పిన గురువు పోతే ఈ భయమేమిటని ఆయన్ని ఎరుగనివారు అడగవచ్చు. వారి కోసమే ఇది రాస్తున్నాను.

బాన్సువాడలో ఆయన దగ్గర డిగ్రీ చదివినవాళ్లకు ఆయన 'ఫికర్ సార్'. ఎప్పుడూ ఏదో ఒక దిగులే కనుక ఆ పేరు పెట్టింది మేమే. అంత భయస్తుణ్ణి నేను మరొకరిని చూడలేదు. మొక్కల సేకరణకు బయలుదేరే ముందు బస్సు టైర్లు కాలితో తన్ని చూసేవారు. డ్రైవరు ఆవులిస్తే దింపి చాయ్ తాగించేవారు. మేం వెనక నవ్వుకుంటున్నామని ఆయనకు తెలుసు. ఒకసారి తరగతిలోనే అన్నారు: "అవ్ బిడ్డా, నాకు భయమే. మీ అవ్వలు మిమ్ముల నా చేతులవెట్టి తోలిండ్రు. గిన్ని పాణాలు చేతులవట్టుకొని భయపడకుంటె ఎట్ల?"

ఆ భయంలోంచే ఆయన ఒక పద్ధతి కనిపెట్టారు. యాత్రలో హాజరు తీసుకునేటప్పుడు ఎవరూ తమ పేరు చెప్పకూడదు. జంట పేరు పిలవాలి. అదీ కళ్లారా చూశాకే. "అగుపడినంకనే పిలువుండ్రి. ఎవ్వరి పేరు ఇనవడదో, ఆళ్లు తప్పిపోయినట్టు. ఆళ్లకోసం అందరం ఎనుకకు వోవాలె." జంటలను ఆయనే నిర్ణయించేవారు. వర్ని కాలువ గట్టు ఊళ్ల పిల్లల్ని బాన్సువాడ పిల్లలతో కలిపేవారు. మాట సగం మరాఠీలోకి జారిపోయే సరిహద్దు ఊరు డోంగ్లి పిల్లను నేను, పైగా తరగతిలో చివరగా చేరినదాన్ని. నాకు జంట మిగలలేదు. తల వంచుకుని నిలబడితే దగ్గరకు వచ్చి, "ఏందే, గట్ల మొకం వెట్టినవ్? నీకు నేను జంట" అన్నారు. ఆ రోజు నుంచి ప్రతి యాత్రలోనూ చివరన నేను "విఠల్ సార్" అనేదాన్ని, ఆయన "సంగీత" అనేవారు. ఆ పిలుపుతో హాజరు ముగిసేది.

మంజీర ఒడ్డుకు వెళ్లిన యాత్ర మాలో ఎవరూ మరువలేదు. ఏటి నడుమ రాతిగుట్ట మీద ఏవో అరుదైన నాచుమొక్కలున్నాయని ఇసుకలో నడిచి అందరం అక్కడికి చేరాం. పడమర మబ్బు కమ్మడం చూసి సార్ విజిల్ ఊదారు. అరగంటైనా ఉండనివ్వడు ఈ మనిషి అని సణుక్కుంటూ పరుగున ఒడ్డు చేరాం. పిలుపు మొదలైంది. "కవిత" అంది స్వప్న. ఆ వెనకే మరో గొంతు కూడా "కవిత" అంది.

సార్ పిలుపు ఆపేశారు. "కవిత రెండుసార్లెట్ల వచ్చింది? భవాని పేరు ఎవ్వలు పిలువలే?"

జరిగింది ఇది. భవాని, స్వప్న ప్రాణస్నేహితులు. కలిసి తిరగాలని సార్‌కు చెప్పకుండా ఆ ఉదయమే జంటలు మార్చుకున్నారు. స్వప్న పాత జంట కవిత, భవాని పాత జంటతో చేరింది. రెండోసారి "కవిత" అన్న గొంతు ఆ పాత జంటదే. ఒడ్డుకు వచ్చాక ఆ కంగారులో స్వప్న అలవాటు కొద్దీ కవితను చూసి కవిత పేరే పిలిచింది. భవాని గుట్ట మీదే ఉంది. రాళ్ల సందులో పాదం ఇరుక్కుని, గాలికి అరుపు మాదాకా రాక, ఒక్కతే ఉంది. మేం నడిచొచ్చిన ఇసుక మీద అప్పటికే ఎర్రనీళ్లు పారుతున్నాయి.

స్వప్న నీళ్లలోకి ఉరకబోతే సార్ జబ్బ పట్టి లాగారు. "ఒక్కలు వోవద్దు. అందరు వట్టుండ్రి. చేతి ఏళ్లు కాదు, మణికట్టు వట్టుండ్రి." వర్ని నవీన్ కాలువలో ఈత నేర్చినవాడు కాబట్టి ముందు నడిచాడు. వాడి వెనక స్వప్న, ఆ వెనక మేమంతా. అంతకుముందు ఒకరితో ఒకరికి మాటల్లేని వాళ్లు కూడా ఆ వరుసలో ఉన్నారు. ఒడ్డున తుమ్మచెట్టును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు సార్. నీళ్లు నా నడుము దాటాయి. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. ఆయన చెయ్యి గడగడ వణుకుతోంది. వణుకుతూనే పట్టు బిగుస్తోంది. నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి అదే. "అగుపడ్డదా?" అని ఆయన అడిగితే, ఆ ప్రశ్న ఒకరి నుంచి ఒకరికి నవీన్ దాకా పోయింది. చాలాసేపటికి జవాబు అదే దారిన తిరిగొచ్చింది. "అగుపడ్డది సార్, వట్టుకున్నం."

తిరుగుబస్సులో సార్ ఎవరినీ తిట్టలేదు. స్వప్న, భవాని ఒకే దుప్పటి కప్పుకుని ఏడుస్తుంటే వాళ్ల ముందు నిలబడి, "ఇగ మీరిద్దరే జంట. నేనే తప్పు జోడు వెట్టిన" అన్నారు. బాన్సువాడ చేరేలోపు ఎన్నిసార్లు పిలిపించారో. అందరం కళ్లెదుటే ఉన్నాం, అయినా "ఇంకొక్కపారి" అనేవారు. ఆ సాయంత్రం ఎవరూ నవ్వలేదు.

మొన్న సంస్మరణ సభకు మా తరగతి మొత్తం వచ్చింది. ఉపన్యాసాలయ్యాక భవాని లేచి, "సార్ పద్ధతిల ఒక్కపారి పిలుద్దాం" అంది. స్వప్న వైపు చూసి పేరు పిలిచింది. స్వప్న భవానిని పిలిచింది. పిలుపు వరుసలన్నీ తిరిగి చివరికి నా దగ్గరకొచ్చింది.

ధీరులకు నివాళులర్పించేవారు లోకంలో ఎందరో ఉన్నారు. మా కోసం జీవితమంతా భయపడిన ఆ మహనీయుడికి నేను చేతులెత్తి మొక్కుతున్నాను. ఆ లోటు తీరేది కాదు. కానీ ఆ సభలో నా నోట ఆయన పేరు రాలేదు. కళ్లారా చూశాకే పిలవాలి కదా. గది అంతా వెతికాను, తలుపు వైపు కూడా చూశాను. అందరూ నా కోసం ఆగారు. నా తరువాత పిలవవలసిన గొంతు పిలవలేదు. ఎవరి పేరు వినపడదో వాళ్లు తప్పిపోయినట్టని ఆయనే అన్నారు. ఆ గదిలో నా పేరు వినపడలేదు. సార్, నాకు భయంగా ఉంది.