మా అత్తగారు లేసు అల్లిన ప్యాడ్లు

నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో మేం ఆడవాళ్లం నైటీలు, లంగాలు, ఉతికి మళ్లీ వాడుకునే గుడ్డ ప్యాడ్లు కుడతాం. వచ్చిన లాభంలో కొంత మేం పంచుకుంటాం, కొంత హైస్కూలు ఆడపిల్లలకి ఊరికే ప్యాడ్లు ఇవ్వడానికి పోతుంది. షెడ్డు నడిపే ఆవిడని అందరం అక్కగారు అంటాం. అక్కగారిది ఒకటే పట్టు. కుట్టినవాళ్లు ముందు తాము వాడాలి, ఉతికి ఎండలో ఆరేయాలి. తడి ఆరని గుడ్డ కట్టుకుంటే దురదలు, పుళ్లు, లేనిపోని జబ్బులు. ఆ మాట ఊరూరా తిరిగి ఆడవాళ్లకి చెప్పే పని నాకిస్తానన్నారు. నాకు టెన్త్‌తోనే చదువు మాన్పించారు. నలుగురి ముందు నిలబడి మాట్లాడే రోజు వస్తుందంటే నాకు ఒళ్లంతా పులకరించింది. ఆ పని కావాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

"అయితే ముందు మీ దండెం మీద ఆరెయ్. ఆ తర్వాతే ఇంకొకళ్లకి చెప్పు" అన్నారు అక్కగారు. అక్కడే వచ్చింది చిక్కు.

"దండెం మీదా? వీధిలోంచి మగాళ్లు వెళ్తుంటారే! మనకి సావిడి లేదా?" అన్నారు మా అత్తగారు.

గొడ్లని అమ్మేసి చాలాకాలమైంది. ఆ ఖాళీ సావిడిలో, పిడకల గూడు వెనకాల, పైన పాత చీర కప్పి ఆరేయాలి. ఆరడం సంగతి దేవుడెరుగు, ముక్క వాసన కొట్టేవి. నాకు ఒళ్లు మండేది. ఇదే ఇంట్లో మా ఆడపడుచు కూతురు పెద్దమనిషైతే పందిరి వేసి, చిమ్మిలి దంచి ఊరంతా పంచి, పిల్ల ఫొటోతో సెంటర్లో ఫ్లెక్సీ కట్టించారు. సంగతి ఊరందరికీ తెలియొచ్చట, గుడ్డకి మాత్రం ఎండ తగలకూడదట. ఆ మాటే అంటే, "నీకు నోరెక్కువైందే" అని నవ్వేసేవారు. ఆవిడ మీద కోపం నిలుపుకోవడం చాలా కష్టం. నేను షెడ్డు నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా, చేపల పులుసు మీద మూత కూడా తియ్యకుండా నాకోసం కూర్చునేవారు.

అత్తగారు చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన మనిషి. మా వైపు ఆడవాళ్లు అరుగు మీద కబుర్లు చెప్పుకుంటున్నా చేతిలో సూదీ దారం ఆడుతూనే ఉంటాయి. చూపు మందగించాక ఆవిడ లేసుని ఏజెంటు తీసుకోవడం మానేశాడు. చేతులు ఖాళీ అయ్యేసరికి మనిషి డీలా పడిపోయారు. చూడలేక, స్కూలుకి పంపాల్సిన ప్యాడ్ల సంచి ఒకటి ఇంటికి తెచ్చాను. "వేలాడే దారాలు కత్తిరించి పెట్టండి అత్తయ్యగారూ" అని ఆవిడకిచ్చి, మా పుట్టింటికి వెళ్లాను.

తిరిగొచ్చి చూద్దును కదా, ప్రతి ప్యాడు చుట్టూ లేసు! చిన్న చిన్న గవ్వల్లాంటి అంచు, మూలకో పువ్వు. చూపు ఆనకపోయినా వేళ్లతో తడుముకుంటూ అల్లేశారు.

"బోసిగా ఉన్నాయే. చూడబుద్ధి కాలేదు" అన్నారు.

అంతటితో అయిందా? పక్కింటి పిన్నిగారు అప్పటికే ఒకటి అడిగి పట్టుకెళ్లి, టీవీ దగ్గర రిమోటు కింద పరుచుకున్నారు. అది దేనికో ఆవిడకి తెలీదు. చెప్పడానికి మా అత్తగారికి నోరు రాలేదు.

షెడ్డుకి తీసుకెళ్లి చూపిస్తే అక్కగారు కడుపుబ్బ నవ్వారు గానీ, అంచు ఒరుసుకుంటుంది, విప్పక తప్పదన్నారు. ఆ మాట అత్తగారికి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ అరుగు మీద కూర్చుని, తను అల్లిందంతా తనే విప్పి దారం ఉండ చుట్టుకున్నారు.

విప్పాక వాటిని ఉతికి పంపాలి. ఎవరూ వాడని కొత్తవి కాబట్టి అత్తగారు ముందు వాకిట్లో దండెం మీదే ఆరేశారు. అప్పుడు నాకో దుర్బుద్ధి పుట్టింది. ఉతికిన నా ప్యాడ్లు తెచ్చి వాటి మధ్యలో తగిలించేశాను. కాసేపటికి అత్తగారు వచ్చి, ఆరాయో లేదోనని దండెం పొడుగునా తడుముకుంటూ వెళ్లి, నా వాటి దగ్గర ఆగిపోయారు. వాడి మెత్తబడిన గుడ్డ ఆ వేళ్లకి తెలియకుండా ఉంటుందా.

సరిగ్గా అప్పుడే పక్కింటి పిన్నిగారు గేటు తీసుకుని వచ్చారు.

"వదినగారూ, లేసంతా తీసేశారేంటండీ? ఇంతకీ ఇవి దేనికండీ?"

అత్తగారు ఏదో ఒక అబద్ధం చెప్పేస్తే అయిపోయేది. నా ప్యాడ్లు మళ్లీ సావిడిలోకి, నేను మళ్లీ మిషను ముందుకి.

"నెలసరి గుడ్డలండీ" అన్నారు అత్తగారు. "ఆ మధ్యలోవి మా కోడలివి. వీటికి ఎండ తగలాలంట."

అని, వాటి మీద కొబ్బరిచెట్టు నీడ పడుతోందని ఎండలోకి జరిపారు.

"అయ్యో, మా రిమోటు!" అంటూ పిన్నిగారు నోటికి పమిట అడ్డం పెట్టుకుని ఇంటికి పరిగెత్తారు. అత్తా కోడళ్లం కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాం. ఆ క్షణంలో ఆవిడంటే నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో.

సాయంత్రం గుడ్డలు తీస్తూ, నా వాటిలో ఒకదాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఎంత వెచ్చగా ఉందే అమ్మాయ్" అన్నారు. "నా వయసంతా తడిదే కట్టుకున్నాను. పూర్తిగా ఆరింది ఒక్కసారీ ఎరగను."

దాన్ని మడత పెట్టి నా చేతిలో పెట్టారు.

"నువ్వెళ్లి ఊరూరా చెప్పవే. ముందు అత్తగార్లకి చెప్పు."