వారం రోజులు ఉండి చూడుండ్రి

పదిహేను రోజుల కింద ఒక పొద్దున, మా గదులవాళ్ళందరం పెద్దమ్మ అని పిలిచే ఇంటి యజమానురాలు నిద్రలోనే పోయింది. నల్లా దగ్గర ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు కంటే ముందు అనుమానం వచ్చింది: ఇక ఈ గదులు మాకు ఉంటాయా? ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

సాగర్ రోడ్డు వెనక సందులో ఐదు రేకుల గదులు ఆమెవి. చుట్టూ రియల్ ఎస్టేట్ వెంచర్లు లేచాక ఇబ్రహీంపట్నంలో మాలాంటివాళ్ళకు అందే కిరాయి అక్కడే మిగిలింది. ఆరేళ్ళ కింద నా కాలేజీ కోసం అమ్మా నేనూ కందుకూరు నుంచి వచ్చాం. గది కోసం తిరిగిన ప్రతి ఇంట్లో మొదటి ప్రశ్న ఒకటే: "మీరేంటోళ్ళు?" పెద్దమ్మ కులం అడగలేదు. అడ్వాన్సూ అడగలేదు. "వారం రోజులు ఉండి చూడుండ్రి. మీరు మమ్మల్ని చూడుండ్రి, మేం మిమ్మల్ని చూస్తం" అంది.

అమ్మ నన్ను పక్కకు లాగింది. "గింత తక్కువకు ఎందుకిస్తున్నదే? దయ్యమేమన్న ఉన్నదేమో అడుగు."

నేను నిజంగానే అడిగాను.

"ఎండకాలం గీ రేకుల కింద దయ్యం గూడ ఉండలేదు బిడ్డా" అని నవ్వింది. "అందుకే కిరాయి తక్కువ."

మంచి మనిషే, కానీ ఎవరినీ తొందరగా నమ్మేది కాదు. కొత్తవాళ్ళు నల్లా కింద బిందె ఎలా పెడతారో, పక్కవాళ్ళకు వంతు ఎలా వదులుతారో గడపలో కూర్చుని చూసేది. వారం అయ్యాక మిగతా గదుల ఆడవాళ్ళను అడిగేది: "ఉంచుదమా?"

ఒకసారి ఒడిశా నుంచి ఒక మేస్త్రీ, అతని భార్య వచ్చారు. ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఏడో రోజు పెద్దమ్మ నన్నడిగింది.

"నాకైతే అనుమానమే పెద్దమ్మా."

"ఏం చూసినవ్?"

"ఏం చూడలే. గట్ల అనిపిస్తున్నది."

మర్నాడు వాళ్ళను పొమ్మంది. ఆ భార్య గదంతా కడిగి మరీ వెళ్ళింది. తడి నేల చూసి పెద్దమ్మ గడపలోనే ఆగిపోయింది. "అనుమానం తప్పు గాదు బిడ్డా. కండ్లతోని చూసి అనుమానపడాలె. నేను గూడ చూడకుండ నీ మాటనే పట్టుకున్న" అంది. కొన్నాళ్ళకు ఆ ఇద్దరినీ ఒక వెంచర్లో చూశాను, వాళ్ళు కడుతున్న ఇళ్ళ పక్కనే, టార్పాలిన్ కింద. పెద్దమ్మకు చెప్పలేదు.

పెద్దమ్మ దినాలయ్యాక, పట్నంలో ఉండే ఆమె కొడుకు ఖాళీ గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"మనోళ్ళకే ఇయ్యమ్మా. బయటోళ్ళు వద్దు."

"మనోళ్ళంటే ఎవరన్నా?"

నన్ను ఎగాదిగా చూశాడు. "తెల్వనట్టే అడుగుతవేంది?"

మేమేంటోళ్ళమో ఆయనకింకా తెలియదు. ఆ ప్రశ్న లేకుండానే ఆరేళ్ళు ఉండనిచ్చింది వాళ్ళమ్మ.

నిన్న బీహార్ నుంచి వచ్చిన ఒక జంట గది అడిగింది. వారం ఉండమన్నాను.

"ఆయనకు తెలిస్తే మనల్ని గూడ ఎల్లగొడ్తడు" అంది అమ్మ.

"అవ్, ఎల్లగొడ్తడు" అన్నాను. మాకు ఇంకోచోట ఇంత కిరాయికి గది దొరకదని ఇద్దరికీ తెలుసు.

ఈ పొద్దున తలుపు చాటు నుంచి చూస్తున్నాను. నల్లా కింద ఆ కొత్తమ్మాయి బిందె నిండి పొర్లుతోంది. ఆమె కూడా నా తలుపు వైపే చూస్తోంది.