మూడు శారదల మీద ఒకే పగులు

ఆ పగులు నా చేతుల్లో పడిందని ఏడాదిన్నర పాటు ఎవరికీ చెప్పలేదు. ఆ మాట దాచి తర్వాత జరిగింది రాస్తే ఇదీ అబద్ధమే అవుతుంది. దయ్యాలూ శాపాలూ నేను నమ్మను. చెక్క ఎందుకు పగులుతుందో తెలిసినవాణ్ణి.

జనగామలో నాకు చిన్న కార్ఖానా ఉంది. పాతకాలపు తీగల వాద్యాలను చూసి అచ్చం అలాంటివే చేస్తాను. చిట్యాల దగ్గర కథలు చెప్పే కొమురయ్య అనే పెద్దాయన ఇంట్లో తాతల నాటి శారద ఉంది. తంబుర లాంటి వాద్యం. కొలతల కోసం తెచ్చుకున్నాను. అది ఆయనకూ, ఆయన తమ్ముళ్లిద్దరికీ ఉమ్మడి. వంతుల వారీగా దాన్ని భుజానికెత్తుకుని ఊళ్లకు వెళ్లి కథ చెబుతారు.

లోపలి మందం తెలియాలంటే పైపలకను ఆవిరి పట్టి, ఓపికగా ఊడదీయాలి. నేను తొందరపడి కత్తి దూర్చాను. బెత్తెడు పగులు పడింది. దాని అచ్చు కాగితం మీద తీసుకుని, అతికించాను. తిరిగి ఇచ్చేటప్పుడు, "ఇది మొదలే ఉన్నది బాపూ, సూస్కోలేదా?" అన్నాను.

తమ్ముళ్లిద్దరూ నా మాట పట్టుకుని అన్న మీద పడ్డారు. "తాగి పడేసినవ్. ఇంక నీకు వంతు లేదు పో" అన్నారట. ఆ సంగతి తెలిసీ ఊరుకున్నాను.

నేను చేసిన మొదటి నకలు పగిలింది. అదే చోట, బెత్తెడు. చెక్క పచ్చిదనుకున్నాను. రెండోది పదేళ్లు ఎండిన పనసతో చేశాను. అదీ అంతే. మూడోదానికి తీగలే కట్టలేదు. గుడ్డ చుట్టి నీడలో పెట్టాను. పట్టపగలు, నా ముందే, టప్పుమంది.

గుడ్డ విప్పి, కొమురయ్య శారద పగులు అచ్చు తీసిన ఆ కాగితాన్ని మూడింటి మీదా పరిచి చూశాను. చివరి వంకరతో సహా గీత మీద గీత కూర్చుంది. మూడు పలకలూ వేర్వేరు మానులవి. ఆ గదిలో ఏదో నన్ను ఓర్చుకోలేకపోతోందనిపించింది.

మర్నాడు పొద్దున చిట్యాల బస్సెక్కాను. ముగ్గురూ వాకిట్లోనే ఉన్నారు.

"ఏం సారూ, ఇప్పుడేం కొలుస్తవ్? మా అన్న మందు సీసనా?" అన్నాడు చిన్నవాడు. రెండోవాడు పగలబడి నవ్వాడు.

నేను కొమురయ్య దగ్గరకు వెళ్లి మెల్లగా నిజం చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్? నేను పడేయలేదని నాకెర్క లేదా? గా ఇద్దరికి చెప్పు."

వాళ్ల వైపు తిరిగాను.

"పలగ్గొట్టింది నేనే అన్నా. కత్తి వెట్టి ఇప్పంగ పలిగింది. మీ అన్న మీద అబద్ధమాడిన. మాఫ్ చెయ్యుండ్రి."