ఆయనకు పనిచేయని బిళ్లలు

ఇరవయ్యేళ్ల కిందట రేపల్లె నుంచి తెనాలి వెళ్లే ప్యాసింజరు రైల్లో నాకు విరేచనాలు పట్టుకున్నాయి. కూర్చోలేను, నిలబడలేను. ప్రతి స్టేషన్లోనూ దిగిపోదామా అనిపించేది.

ఎదుటి సీటు పెద్దావిడ నా అవస్థ చూసి, సంచిలోంచి సగం వాడిన యాంటీబయాటిక్ షీటు తీసింది. ఒక బిళ్ల నా చేతిలో పెట్టి, గ్లాసులో నీళ్లు పోసిచ్చింది.

"వేసుకో నాయనా, దెబ్బకి కట్టేస్తాయి."

"ఎవరివండి ఇవి?"

"మా ఆయనవి. ఇలాగే విరేచనాలైతే డాక్టరు వారం వాడమన్నారు. రెండో రోజుకే తగ్గిందని ఆపేశాం. ఇప్పుడు మళ్లీ పట్టుకుంది, గుంటూరు ఆస్పత్రిలో పడేశాం. ఈ మందు ఇంక ఆయనకి పనిచెయ్యదన్నారు. పారేయడం ఎందుకు, నీకైనా పనికొస్తాయి."

నీళ్లు మాత్రం తాగాను. పిడికిట్లో బిళ్ల చెమటకి తడుస్తోంది. "మింగావా నాయనా?" అని ఆవిడ అడుగుతూనే ఉంది.