పెట్టె లోపలి అరవై

ప్రసవ సెలవు ముగిసి తిరిగి ఉద్యోగంలో చేరిన నెలలో, నవంబరు మొదట్లో, నన్ను ఎమ్మిగనూరు దగ్గర పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లుకు పంపారు. అప్పుడు నేను ఆదోనిలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో జూనియర్ ప్రోగ్రామర్‌ను. ఆ ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. పత్తి కుప్పల్లో వేడిని కొలిచే పరికరాలకు ప్రోగ్రాం రాయడం మా పని. తడి పత్తి కుప్పలో లోలోపలే వేడెక్కుతుంది. వదిలేస్తే పాడవుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. వేడి హద్దు దాటితే గోడకున్న పెట్టె సైరన్ మోగిస్తుంది.

ఆ హద్దు ఒక సెట్టింగుల ఫైల్లో ఉంటుంది. మామూలుగా ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ ఆ ఫైల్ చదువుకుంటుంది. కానీ అంతకుముందు సీజన్‌లో సైరన్ గోల భరించలేక మిల్లులో ఎవరో ఫైల్ తెరిచి హద్దు పెంచేశారు. అందుకని నేనే పద్ధతి మార్చాను. మేం రాసిన ప్రోగ్రాంను యంత్రం నడపగల రూపంలోకి మార్చడాన్ని కంపైల్ చేయడం అంటారు. ఆఫీసులో కంపైల్ చేసేటప్పుడే ఫైల్ చదివి, అంకెలను ప్రోగ్రాంలో కలిపేసేట్టు చేశాను. ఫైల్లో తప్పుంటే పని అక్కడే ఆగిపోతుంది. మిల్లుకు చేరాక ఎవరూ వేలు పెట్టలేరు. ఏ అంకెలతో తయారైందో తెలియడానికి ఫైల్ నకలు ఒకటి మాత్రం పెట్టెలో ఉంచేవాళ్లం.

ఆ రోజు సూపర్‌వైజర్ మద్దిలేటి హద్దును అరవై డిగ్రీల నుంచి నలభై అయిదుకు దించమన్నాడు. నందవరం వైపు నుంచి వానకు తడిసిన పత్తి వచ్చిందట. పెట్టెకు ల్యాప్‌టాప్ తగిలించి, ఫైల్లో అంకె మార్చి, పెట్టె ఆపి మళ్లీ ఆన్ చేసి, ఫైల్లోని కొత్త అంకె అతనికి చూపించి, విజిట్ పుస్తకంలో సంతకం పెట్టాను. ఇంట్లో అయిదు నెలల పాప. పాలు చేపుకొచ్చి ఒళ్లు సలుపుతోంది. నాలుగు గంటల బస్సు మీదే నా ధ్యాస.

కుప్పల దగ్గర పనిచేసే ఈరమ్మ గంటకోసారి ఇనుప చువ్వ గుచ్చి, కాసేపాగి తీసి, అరచేత్తో వేడి చూసేది. మద్దిలేటి నా ముందే ఆమెను కేకేశాడు.

"ఇంగ సువ్వ పక్కన పెట్టు ఈరమ్మా. మిషనే సూసుకుంటాది."

"మిషనుకు సెయ్యుందా అన్నా?" అని ఆమె నవ్వింది.

బస్సులో రిపోర్టు నింపుతూ బిల్డ్ నంబరు గడి దగ్గర ఆగిపోయాను. కంపైల్ చేసిన ప్రతిసారీ కొత్త నంబరు వస్తుంది. నా దగ్గరున్నది పాత నంబరే. నేను మార్చింది నకలును. పెట్టె లోపల ఇంకా అరవైయే ఉంది. పైగా నా మాట నమ్మి చువ్వ కూడా ఆపేశారు.

మద్దిలేటికి మూడుసార్లు ఫోన్ చేశాను. మిల్లు మోతలో వినపడలేదేమో, ఎత్తలేదు. ఇంతలో అత్తమ్మ ఫోన్.

"యాడున్నావే? పిల్ల గుక్కపట్టి ఏడుస్తాంది."

మళ్లీ ఎమ్మిగనూరు పోవాలని చెప్పాను.

"ఆ పత్తి గూడా నీ కడుపునే పుట్టిందా?"

డబ్బాపాలు పట్టమని మాత్రం అనగలిగాను. తర్వాతి స్టాపులో దిగి, ఎదురొచ్చిన ఆటో ఎక్కాను. దారంతా పొగ వాసన వస్తున్నట్టే ఉంది.

"ఏమ్మా, ఏమన్నా మర్సిపోయినావా?" అన్నాడు మద్దిలేటి. జరిగింది చెప్పాను, తప్పు నాదేనన్నాను. అతని ముఖం మారింది.

"సంతకం పెట్టినావు గదమ్మా!"

ఈరమ్మ చువ్వ తీసుకుంది. మూల కుప్పలోంచి లాగి, చేతిలో నిలుపుకోలేక కింద పడేసింది. "కాలిపోతాంది అన్నా!"

పదిమంది కలిసి ఆ కుప్పను విప్పి పరిచారు. లోపలి పత్తి పసుపు తిరిగి ఆవిరి కక్కుతోంది. పెట్టె తెర మీద ఆ కుప్ప వేడి యాభై ఆరు డిగ్రీలని కనిపిస్తోంది. సైరన్ మాత్రం మోగలేదు.

ఆఫీసులోని సీనియర్ కొత్త హద్దుతో కంపైల్ చేసి పంపాడు. అది ఎక్కించి, వేడి కొలిచే కొసను వేణ్నీళ్ల గ్లాసులో ముంచాను. నలభై అయిదు దాటగానే సైరన్ మోగింది.

ఆ తర్వాత పెట్టెలో నకలు ఉంచడం మానేశాం. పెట్టె ఆన్ కాగానే తనలో కలిసి ఉన్న హద్దును తెర మీద చూపేట్టు ప్రోగ్రాంలో రాశాను. ఫైల్లో కనిపించే అంకె, నడుస్తున్న ప్రోగ్రాంలోని అంకె ఒకటేనని అనుకోకూడదు. ఇతరులు మార్చకుండా నేను చేసిన ఏర్పాటు నాకూ వర్తిస్తుందని ఆ రోజు మరిచాను. సైరన్ నా చెవులతో వినకుండా మళ్లీ ఏ మిల్లులోనూ సంతకం పెట్టలేదు.